రహదారి పక్కన రసాయన ట్యాంకరు బోల్తా పడితే, ఫైరింజను వచ్చేలోపు ఊరివాళ్లు ఏం చేయాలి?

ప్రశ్న: హైస్కూలు మాస్టారు, రణస్థలం మండలం

అందరికీ నమస్కారం. మాది 16వ నంబరు జాతీయ రహదారిని ఆనుకుని ఉన్న ఊరు. రోడ్డుకు ఒక పక్క ఇళ్లు, రెండో పక్క వరి మళ్లు, ఆ మళ్ల చివర ఒక గెడ్డ (వాగు) ఉన్నాయి. పైడిభీమవరం పరిశ్రమలకు వచ్చే రసాయన ట్యాంకర్లు, విశాఖ నుంచి ఇచ్ఛాపురం వైపు వెళ్లే గ్యాసు బుల్లెట్లు, పెట్రోలు బళ్లు రాత్రీ పగలూ మా గుమ్మాల ముందునుంచే పోతుంటాయి. ఇన్నేళ్లుగా చూస్తున్నా, వాటి మీద ఉండే పలకలను నేను ఒక్కసారి కూడా శ్రద్ధగా చదవలేదని మొన్న ధనుర్మాసంలో తెలిసివచ్చింది.

ఆ రోజు తెల్లవారుజామున నాలుగున్నర దాటింది. మంచు దట్టంగా పట్టి ఉంది. గుడికి బయలుదేరినవాళ్లకు పెద్ద చప్పుడు వినిపించింది. ఒక ట్యాంకరు డివైడరును రాసుకుంటూ వచ్చి, రోడ్డు దిగి, ఎడమ పక్కకు ఒరిగి పొలంలో పడింది. పై మూత దగ్గర నుంచి నీళ్లలాంటి రంగులేని ద్రవం కారుతోంది. రంగుల దుకాణంలో థిన్నరు డబ్బా మూత తీసినప్పుడు వచ్చే వాసన వీధి చివరిదాకా కొట్టింది. నేను వెళ్లేసరికే అరవై మందికి పైగా చేరారు. కొందరు ఫోను లైట్లు వేసి వీడియోలు తీస్తున్నారు, ఇద్దరు కుర్రవాళ్లు అది డీజిలు అనుకుని క్యాన్లు పట్టుకొచ్చారు. ట్యాంకరుకు ఎనభై అడుగుల దూరంలో టీ కొట్టు ముందు చలిమంట మండుతూనే ఉంది. దాన్ని ఆర్పాలన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. ఆ కొట్టు నడిపే ముసలమ్మ గ్లాసులు కడిగే బకెట్టు ఎత్తి మంట మీద గుమ్మరించి, పొగలు కక్కుతున్న నిప్పులను చేటతో మట్టి పోసి కప్పేసింది. తరువాత అడిగితే, "వాసన ముక్కుకి తగిలింది బాబూ, పొయ్యి దగ్గర కిరసనాయిలు ఒలికితే ముందు మంటే కదా ఆర్పుతాం" అంది.

నేనూ మరో ఇద్దరమూ క్యాబిను అద్దంలోంచి డ్రైవరును బయటికి లాగాం. ఆయనకు కాలు విరిగింది కానీ ప్రాణాపాయం తప్పింది. మంట అంటుకోలేదు. ఫైరింజను వచ్చింది, పోలీసులు రెండు వైపులా రాకపోకలు ఆపారు, సాయంత్రానికి మిగిలిన ద్రవాన్ని వేరే ట్యాంకరులోకి తోడుకుని వెళ్లారు. అయితే నేను 112కు ఫోను చేసినప్పుడు "అందులో ఏముంది?" అని వాళ్లు అడిగిన మొదటి ప్రశ్నకే నా దగ్గర సమాధానం లేకపోయింది. ట్యాంకరు పక్కకు పడడంతో ఒక పలక కిందికి పోయింది, రెండోది ఆకాశం వైపు తిరిగింది, వెనుక పలక మీద బురద పడింది.

అందుకే తెలిసినవారిని అడుగుతున్నాను. ఎంత దూరంలో నిలబడాలి? నీళ్లు పోయవచ్చా, పోయకూడదా? పలక చదవలేనప్పుడు ఏమని చెప్పాలి? క్యాబినులో మనిషి చిక్కుకుని ఉంటే ఆగాలా, వెళ్లాలా? ఆ ఉదయం మేము చేసినవాటిలో ఏది సరైనదో, ఏది అదృష్టవశాత్తూ గట్టెక్కిందో తేల్చుకోకపోతే రెండోసారి కూడా అవే పనులు చేస్తామన్న భయం నన్ను వదలడం లేదు.

జవాబు: విశ్రాంత అగ్నిమాపక ఉద్యోగి, విజయనగరం

మాస్టారూ, ఆ ఉదయం అక్కడ జరిగిన పనుల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ ముసలమ్మ చేసిన పనే. మీరు రాసిన వాసనను బట్టి అది మండే ద్రావకమై ఉండాలి. మండేది ద్రవం కాదు, దాని నుంచి లేచే ఆవిరి. ఆ ఆవిరి గాలికన్నా బరువైనది కాబట్టి పొగలా పైకి పోదు, నీళ్లలా నేలబారున పాకుతుంది, కాలువల్లోకి, గుంటల్లోకి దిగి అక్కడే నిలుస్తుంది. దూరంగా ఉన్న నిప్పును అందుకుంటే మంట ఆ ఆవిరి దారినే వెనక్కి పరుగెత్తి ట్యాంకరును చేరుతుంది. మంచు పట్టి గాలి కదలని వేళల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. చలికాలం కదా, అంటుకోదులే అనుకోవడానికి కూడా వీల్లేదు. మందుల పరిశ్రమల్లో వాడే టోలుయీన్ అనే ద్రావకం 4 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మండదగిన ఆవిరిని ఇస్తుంది, పెట్రోలు అయితే సున్నాకు 43 డిగ్రీల కిందనే ఇస్తుంది. మన వైపు అంత చలి ఎప్పుడూ పడదు. కాబట్టి బీడీ, చలిమంట, మోటారు సైకిలు స్టార్టు చేయడం, పొలంలో పంపుసెట్టు స్విచ్ వేయడం, ఆపడం కూడా, వీటన్నిటినీ ఒకటే ప్రమాదంగా చూడాలి. దగ్గరలో కరెంటు తీగలు తెగి ఉంటే సబ్‌స్టేషనుకు ఫోను చేసి సరఫరా అక్కడే ఆపించాలి తప్ప, ఊళ్లో ఎవరూ స్విచ్ జోలికి వెళ్లకూడదు. ఫోను లైట్లతో ఒలికిన ద్రవం మీద వంగి వీడియోలు తీసినవాళ్లు ఆవిరి మధ్యలో నిలబడి ఉన్నారని వాళ్లకు విడమరచి చెప్పండి.

రెండోది గాలి. ఎప్పుడైనా గాలి మన వీపుకు తగులుతూ ట్యాంకరు వైపు పోవాలి, ట్యాంకరు మీదనుంచి మన ముఖానికి తగలకూడదు. మన తీరంలో సాధారణంగా పగలు సముద్రం మీదనుంచి నేల వైపుకూ, తెల్లవారుజామున నేల మీదనుంచి సముద్రం వైపుకూ గాలి వీస్తుంది. అంటే ఒకే చోట ప్రమాదం జరిగినా మధ్యాహ్నం అయితే రోడ్డుకు ఒక పక్క ఊరికీ, తెల్లవారితే రెండో పక్క ఊరికీ ముప్పు. ఈ లెక్క మీదే పూర్తిగా ఆధారపడకుండా, ఒక తువ్వాలు పైకెత్తి చూసి గాలి వాలు తెలుసుకోండి. నేల వాలు కూడా చూడాలి, పల్లంలో నిలబడకూడదు.

దూరం గురించి అడిగారు. మండే ద్రవం కారుతుంటే అన్ని వైపులా కనీసం 50 మీటర్లు, ఒలికింది ఎక్కువైతే గాలి వాలున 300 మీటర్ల వరకు జనాన్ని ఖాళీ చేయించాలి. ట్యాంకు మంటల్లో ఉంటే 800 మీటర్లు. వంటగ్యాసు బుల్లెట్టు లీకయితే కనీసం 100 మీటర్లు, దానికి మంట తగులుకుంటే 1600 మీటర్లు. అంటే ఊరు మొత్తం కదలాల్సిందే. మీటర్లు కొలిచే తీరిక లేనప్పుడు ఒక కొండగుర్తు చెబుతాను: చేయి పూర్తిగా చాచి బొటనవేలు నిలబెట్టి ఒక కన్ను మూసి చూడండి. ట్యాంకరు ఆ వేలి చాటున పూర్తిగా దాగకపోతే మీరు ఇంకా దగ్గరలోనే ఉన్నట్టు.

ఇక మీరు చదవలేకపోయిన పలక. దాన్ని అత్యవసర సమాచార పలక అంటారు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని 134వ నియమం ప్రకారం అది ట్యాంకరుకు రెండు పక్కలా, వెనుకా, మూడు చోట్ల ఉండాలి. బండి ఎటు పడినా ఒకటైనా కనపడాలన్నదే ఆ మూడింటి ఉద్దేశం. అందులో రసాయనం పేరు, దాన్ని గుర్తించే నాలుగంకెల యూఎన్ (ఐక్యరాజ్యసమితి) నంబరు, వజ్రాకారపు గుర్తు, సరుకు పంపినవారి ఫోను నంబరు ఉంటాయి. పేరు పలకడం కష్టమైతే ఆ నాలుగంకెలు చాలు. పెట్రోలు 1203, వంటగ్యాసు 1075, క్లోరిన్ 1017, సల్ఫ్యూరిక్ ఆమ్లం 1830. బురద తుడవడానికి దగ్గరికి వెళ్లవద్దు. గాలి వీపున ఉంచుకుని దూరంగా నిలబడి ఫోను కెమెరాలో దగ్గరికి లాగి ఫొటో తీస్తే, కంటికి కనపడని అంకెలు కూడా తెర మీద చదవగలుగుతాం. అది కూడా కుదరకపోతే గుర్తు రంగు చెప్పండి. ఎరుపు మండేది, నీలం నీళ్లు తగిలితే ప్రమాదమైనది, తెలుపు మీద పుర్రె బొమ్మ విషం, చేతి మీద ద్రవం కారుతున్న బొమ్మ ఒంటిని తినేసేది.

ఆ అంకెలకు ఎందుకంత విలువ ఇస్తున్నానో ఒక్క ఉదాహరణతో చెబుతాను. టోలుయీన్ నంబరు 1294, మిథనాల్ నంబరు 1230. రెండూ రంగులేనివే, రెండూ మండేవే. టోలుయీన్ నీళ్లలో కలవదు, నీటి మీద తేలుతూ మండుతుంది; దాని మీద బిందెలతో నీళ్లు పోస్తే మంటను కాలువ వెంబడి ఊళ్లోకి మనమే పంపినవాళ్లమవుతాం. మిథనాల్ నీళ్లలో కలిసిపోతుంది, మంటలార్పడానికి మేము చల్లే మామూలు నురగను విరిచేస్తుంది, అందుకు ఆల్కహాలును తట్టుకునే ప్రత్యేకమైన నురగ కావాలి. పైగా దాని మంట పట్టపగలు సరిగ్గా కంటికి కనపడదు. ఏ నురగ వేసుకుని బయలుదేరాలో స్టేషనులో ఉన్నప్పుడే తెలిస్తే మాకు ఎంతో సమయం కలిసివస్తుంది. అక్కడికి వచ్చాక తెలిస్తే మళ్లీ వెనక్కి కబురు పంపాలి. పలక మీద యూఎన్ నంబరుతో పాటు అంకె, అక్షరాలు కలిసిన మరొక కోడు కూడా ఉంటుంది. దాని మొదటి అంకె 3 అయితే నురగ, 4 అయితే నీళ్లు లేని, మంటలార్పే పొడి వాడాలని మాకు సూచన. చివర ఇంగ్లిషు 'ఈ' అక్షరం ఉంటే జనాన్ని ఖాళీ చేయించే ఆలోచన చేయాలని అర్థం. మీరు వీటిని కంఠస్థం చేయనక్కరలేదు, కనపడింది కనపడినట్టు ఫోనులో చదివితే చాలు.

ఫోనులో చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి: కిలోమీటరు రాయి మీద అంకె, బండి పడింది విశాఖ వైపు వెళ్లే మార్గంలోనా ఇచ్ఛాపురం వైపు వెళ్లే మార్గంలోనా, కారుతోందా మండుతోందా, మనుషులు చిక్కుకున్నారా, గాలి ఎటు వీస్తోంది. చివరిది చాలామంది చెప్పరు కానీ, ఏ వైపు నుంచి రావాలో మాకు తేల్చేది అదే. 112 లేదా 101కి ఒకరు, రాకపోకలు ఆపించేందుకు జాతీయ రహదారి సహాయ నంబరు 1033కు మరొకరు చేయండి. వంటగ్యాసు బండి అయితే 1906 కూడా ఉంది.

డ్రైవరును బయటికి లాగడం తప్పా అని మీరు సూటిగా అడగలేదు కానీ ఆ బాధ మీ మాటల్లో కనిపిస్తోంది. మంట లేదు, అది ఊపిరి ఆపే విషవాయువు కాదు, పైగా నిప్పు అప్పటికే ఆర్పి ఉంది. ఆ స్థితిలో గాలి వచ్చే వైపు నుంచి ఇద్దరో ముగ్గురో వెళ్లి క్షణాల్లో తెచ్చేయడాన్ని నేను తప్పనను. అదే క్లోరిన్, అమ్మోనియా వంటి వాయువైతే, ముఖానికి తగిన పరికరం లేకుండా వెళ్లినవాళ్లు డ్రైవరు పక్కనే పడిపోతారు. నా ఉద్యోగ జీవితంలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది మొదట ప్రమాదానికి గురైనవాళ్లకన్నా, వాళ్లను కాపాడబోయి ఒకరి వెనుక ఒకరు పడినవాళ్లు.

వంటగ్యాసు గురించి వేరుగా చెప్పాలి. లీకైన చోట తెల్లని మంచులా కనిపిస్తుంది, కానీ మండగల గ్యాసు ఆ తెలుపు దాటి కూడా వ్యాపించి ఉంటుంది. వాల్వు దగ్గర మంట మండుతుంటే దాన్ని ఆర్పే ప్రయత్నం ఎవరూ చేయకూడదు, ఆర్పాక కూడా గ్యాసు వస్తూనే ఉంటుంది, అది పరుచుకుని ఒక్కసారిగా అంటుకుంటుంది. మంట ట్యాంకు పైభాగాన్ని కాలుస్తుంటే ఇనుము మెత్తబడి పది పదిహేను నిమిషాల్లోనే పేలవచ్చు. సేఫ్టీ వాల్వు ఈల చప్పుడు అంతకంతకూ పెరుగుతుంటే ఇక మాటలు వద్దు, పరుగే. 2012 ఆగస్టు 27న కేరళలో కన్నూరు దగ్గర చాల అనే చోట గ్యాసు ట్యాంకరు డివైడరుకు తగిలి పడి పేలినప్పుడు 20 మంది చనిపోయారు. మీ ఊళ్లో పడిన బండి కూడా డివైడరును రాసుకునే వచ్చిందని చదివినప్పుడు నాకు ఆ ఊరే గుర్తుకొచ్చింది.

క్యాన్లు తెచ్చిన ఆ కుర్రవాళ్లకు 2017 జూన్ 25న పాకిస్తాన్‌లో బహావల్‌పూర్ దగ్గర జరిగింది చెప్పండి. పడిపోయిన ట్యాంకరు దగ్గర పెట్రోలు పట్టుకోవడానికి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పోగయ్యారు, మంట లేచింది, 200 మందికి పైగా చనిపోయారు.

జవాబు: ట్యాంకరు డ్రైవరు, పూసపాటిరేగ

పెద్దాయన చెప్పినవన్నీ నిజం. నేను ఇరవై రెండేళ్లుగా ట్యాంకరు నడుపుతున్నాను, క్యాబిను లోపలి విషయాలు కొన్ని చెబుతాను.

ప్రమాదకర సరుకు నడపాలంటే మామూలు హెవీ లైసెన్సు చాలదు. మూడు రోజుల శిక్షణ తీసుకుని లైసెన్సు మీద ప్రత్యేకంగా రాయించుకోవాలి. సరుకు వివరాలు, ప్రమాదం జరిగితే చేయాల్సిన పనులు రాసిన ట్రెమ్ కార్డు క్యాబినులోనే ఉంచుకోవాలి. నేను చూసిన చాలా బళ్లలో ఆ కార్డు ఇన్వాయిసు కాగితాలతో కలిపి సంచిలో అడుగున ఉంటుంది, అదీ ఇంగ్లిషులో. చేతులు వణుకుతున్న సమయంలో దాన్ని తీసి చదవగలిగేవాడు ఎవడు? నేను ఏ సరుకు ఎత్తినా ముందు దాని పేరు, నాలుగంకెలు, నీళ్లు పోయవచ్చా లేదా, ఒంటి మీద పడితే ఏం చేయాలి, పంపినవారి ఫోను నంబరు తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక అట్ట మీద రాసి, డ్రైవరు తలుపు లోపలి వైపు అంటిస్తాను. నేను స్పృహ తప్పినా తలుపు తీసినవాడికి అదే మొదట కనిపించాలని.

బండి ఆగగానే మేము చేయాల్సింది ఇంజను ఆపడం, బ్యాటరీ కటాఫ్ స్విచ్ తిప్పడం, వీలుంటే ఎమర్జెన్సీ వాల్వు మూయడం, కార్డు పట్టుకుని గాలి వచ్చే వైపుకు నడవడం, క్లీనరును ముందుకూ వెనక్కూ పంపి వచ్చే బళ్లను ఆపించడం. దగ్గరలోని పోలీసు స్టేషనుకూ, బండి యజమానికీ వెంటనే తెలియజేయాలని 136వ నియమం కూడా ఉంది.

కానీ మాలో చాలామంది పారిపోతారు. అది తప్పే, నేను సమర్థించను. అయితే ఎందుకు పారిపోతారో ఊళ్లవాళ్లు కూడా తెలుసుకోవాలి. నాలుగేళ్ల క్రితం భోగాపురం దగ్గర వెనుకనుంచి ఒక లారీ తగిలి నా బండి కింది వాల్వు నుంచి సరుకు కారడం మొదలైంది. నేను దిగి, "దగ్గరికి రాకండి, నిప్పు వద్దు" అని అరుస్తూ ఉండగానే ఇద్దరు ముగ్గురు నా చొక్కా పట్టుకున్నారు. వాళ్లు నన్ను కొడుతున్నంతసేపూ వాల్వు కారుతూనే ఉంది. దాన్ని మూయడం అక్కడున్నవాళ్లలో నాకు ఒక్కడికే తెలుసు. పక్క సరుగుడు తోటలో పనిచేస్తున్న ఒక రైతు వచ్చి "ముందు వాణ్ణి పని చేయనివ్వండిరా" అని విడిపించాక రెండు నిమిషాల్లో వాల్వు కట్టేశాను. గాయపడినవారికి సాయం చేయాలని డ్రైవరును ఆదేశించే మోటారు వాహనాల చట్టం 134వ సెక్షనే, గుంపు ఆగ్రహం వల్ల అది సాధ్యపడకపోవచ్చని ఒప్పుకుంటుంది. అంటే ఈ భయం చట్టం రాసినవాళ్లకు కూడా తెలుసు.

అందుకే మాస్టారూ, మీ ఊరివాళ్లకు నా తరఫున ఒక్క మాట చెప్పండి. ట్యాంకరు పడితే డ్రైవరును పక్కకు తీసుకెళ్లి మొదట "లోపల ఏముంది? వాల్వు ఎక్కడుంది?" అని అడగమనండి. ఆ కార్డు ఎక్కడుందో చెప్పగలిగేది కూడా ఆయనే. మీరు ఆ డ్రైవరును బయటికి లాగినందుకు నేను నమస్కారం చేస్తున్నాను.

ప్రశ్న అడిగిన మాస్టారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. డ్రైవరుగారు రాసింది చదివాక, ఆ రోజు మా ఊరివాళ్లలో కూడా ఒకరిద్దరు పడిన బండి డ్రైవరు మీదికి వెళ్లబోయారని గుర్తుకొచ్చి సిగ్గుపడ్డాను. ఇంకో సందేహం. మా రోడ్డు మీద ఆమ్లాల ట్యాంకర్లు కూడా తిరుగుతాయి. ఆమ్లం పడితే నీళ్లు పోసి కడిగేయవచ్చా? మొన్న ఒలికిన ద్రవంలో కొంత పొలం కాలువ గుండా గెడ్డ వైపు పారింది. ఆ గెడ్డ నీళ్లే పశువులు తాగుతాయి, దిగువన ఒక చెరువు కూడా నిండుతుంది. ఆ రెండు రోజులూ పశువులను కట్టేసి ఉంచాం. ఇదంతా ఎవరు చూడాలి, నష్టం ఎవరు ఇవ్వాలి?

జవాబు: పరిశ్రమ భద్రతా విభాగం ఉద్యోగి, పైడిభీమవరం

ఆమ్లం నేల మీద ఉన్నప్పుడు బిందెలతో నీళ్లు పోయవద్దు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం మీద నీళ్లు పడితే ఒక్కసారిగా సలసల మరిగి ఎగిరిపడుతుంది, పోసినవాడి ముఖం మీదే పడుతుంది. అంతకన్నా గాఢమైన ఓలియం అనే రకం అయితే దట్టమైన తెల్లని పొగలు కక్కుతుంది. మందుల తయారీలో వాడే థయోనైల్ క్లోరైడ్ అనే ద్రవానికి నీళ్లు తగిలితే హైడ్రోజన్ క్లోరైడ్, సల్ఫర్ డయాక్సైడ్ అనే రెండు విషవాయువులు పుడతాయి. దాని నంబరు 1836. నీళ్లు పోసి మంచి చేశామనుకున్నవాళ్లు ఊరంతటికీ పొగ పెట్టినట్టవుతుంది. అయితే అదే ఆమ్లం మనిషి ఒంటి మీద పడినప్పుడు మాత్రం నీళ్లకు వెనకాడకూడదు, ధారగా, పుష్కలంగా పోయాలి. నేల మీద పోయవద్దన్న మాట, మనిషి మీద పోయమన్న మాట మా కార్మికులకు కూడా కలగాపులగం అవుతుంటాయి కాబట్టి మీ పాఠశాలలో చెప్పేటప్పుడు రెండింటినీ విడదీసి చెప్పండి.

పారే ద్రవానికి అడ్డుకట్ట వేయాల్సింది ట్యాంకరు దగ్గర కాదు. అది ఎటు పోతోందో చూసి, చాలా ముందుకు వెళ్లి, గెడ్డలో కలిసే చోటికి ఎగువన పొడి మట్టి, ఇసుక బస్తాలతో కట్ట వేయాలి, చెరువుకు నీరు పోయే మదుము మూయాలి. అది కూడా ఆవిరి, వాసన తగలని దూరంలో ఉంటేనే. గడ్డి, రంపపు పొట్టు వేయకూడదు, గాఢ ఆమ్లాలకూ, పసుపు గుర్తు ఉండే ఆక్సీకారకాలకూ (మంటను ఎగదోసే రసాయనాలకూ) అవి తగిలితే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. కోతల కాలంలో రోడ్డు పక్కనే వరి కుప్పలు వేసే అలవాటు మన వైపు ఎక్కువ, ఈ కారణం ఒక్కటి చాలు దాన్ని మానుకోవడానికి. సున్నం చల్లి ఆమ్లాన్ని విరిచే పని సరుకు పంపినవారి నిపుణులకే వదిలేయండి.

చాలామందికి తెలియనిది ఇంకొకటి. ఖాళీ ట్యాంకరు అంటే ప్రమాదం లేనిది అనుకుంటారు. మండే ద్రవం తీసేశాక లోపల మిగిలేది ఆవిరి, గాలి కలిసిన మిశ్రమం. నిండు ట్యాంకు కన్నా అదే తేలికగా పేలుతుంది. డ్రైవరు "ఖాళీ బండే" అన్నా దూరం తగ్గించవద్దు.

ఇక బాధ్యత విషయం. సరుకు గురించి పూర్తి సమాచారం బండివారికి ఇవ్వాల్సింది పంపేవారే అని 131వ నియమం చెబుతుంది. పలక మీద ఫోను నంబరు రాయడంతో ఆ బాధ్యత తీరిపోదు. నేను గతంలో పనిచేసిన ఒక చోట, ఆ నంబరుకు రాత్రి రెండు గంటలకు నేనే ఫోను చేసి చూశాను. గేటు దగ్గర కాపలాదారు ఎత్తి "పొద్దున పదికి చేయండి సార్" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు, ఆ నంబరు ట్యాంకర్ల మీద రాసి ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ తరువాత రాత్రి విధుల్లో ఉండే రసాయన నిపుణుడి దగ్గర ఆ ఫోను ఉంచేలా చేయడానికి నాకు మూడు నెలలు పట్టింది. మీ ఊరి ముందునుంచి పోయే ట్యాంకర్ల మీది నంబర్లు పగలు రాసుకుని ఒకసారి చేసి చూడండి. ఎత్తకపోతే అధికారులకు రాతపూర్వకంగా తెలియజేయండి.

1996 రసాయన ప్రమాదాల నియమాల ప్రకారం ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన జిల్లా విపత్తు బృందం ఉండాలి. రోడ్డు మీద జరిగే రసాయన ప్రమాదాలు కూడా దాని పరిధిలోకి వస్తాయి. మీ పంచాయతీ తీర్మానం చేసి, మీ ఊరి దగ్గర మాక్ డ్రిల్లు పెట్టమని అడగవచ్చు. నష్టానికి సంబంధించి 1991 ప్రజా బాధ్యత బీమా చట్టం ఉంది. ప్రమాదకర పదార్థం వల్ల మరణం, గాయం, ఆస్తి నష్టం జరిగితే, ఎవరి నిర్లక్ష్యమో రుజువు చేయనక్కర లేకుండానే కలెక్టరుకు దరఖాస్తు చేసుకోవచ్చు. రవాణాలో జరిగిన ప్రమాదానికీ అది వర్తిస్తుంది, గడువు 5 సంవత్సరాలు. గెడ్డ నీరు, పొలం మట్టి పరీక్ష చేయమని కాలుష్య నియంత్రణ మండలిని లిఖితపూర్వకంగా కోరండి, ఫలితం వచ్చేవరకు పశువులను ఎగువ నీటికి తోలండి.

జవాబు: ఏఎన్‌ఎం, నరసన్నపేట

మాస్టారూ, వైద్యం వైపు నుంచి నాలుగు మాటలు. రసాయనం పడిన మనిషి బట్టలు, చెప్పులు, మొలతాడు, ఉంగరాలతో సహా వెంటనే తీసేయాలి. సిగ్గు వల్ల ఇక్కడే ఆలస్యం జరుగుతుంది, ఆడవాళ్ల విషయంలో మరీ ఎక్కువ. ఒక చీర అడ్డుపెట్టి అయినా తీయించండి. ఆ తరువాత ఇరవై నిమిషాలు నీళ్లు పోస్తూనే ఉండాలి. కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టి, ముక్కు వైపు నుంచి చెవి వైపుకు నీళ్లు పారేలా పోయాలి, రెండో కంట్లోకి పోకుండా. పసుపు, పేస్టు, నూనె, వెన్న ఏదీ రాయకూడదు. మింగినవాళ్లకు వాంతి చేయించకూడదు. ఆమ్లం లోపలికి దిగేటప్పుడు కాల్చిన గొంతును బయటికి వచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తుంది, ద్రావకాలైతే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నోటితో ఊపిరి అందించే పని కూడా వద్దు, ఆ రసాయనం మీ నోటికే వస్తుంది.

108కి చెప్పేటప్పుడు ఆ నాలుగంకెల నంబరు వాళ్లకు కూడా చెప్పండి, ఆసుపత్రిలో డాక్టర్లు మొదట అడిగేది అదే. గాలి పీల్చినవాళ్లు కాసేపటికి బాగానే ఉన్నాం అంటారు, ఇంటికి వెళ్లిపోతారు. కొన్ని వాయువులకు ఊపిరితిత్తుల్లో నీరు చేరడం చాలా గంటల తరువాత మొదలవుతుంది. ఆ రాత్రి వాళ్లను ఒంటరిగా పడుకోనివ్వకండి, దగ్గు, ఆయాసం వస్తే వెంటనే తీసుకెళ్లండి. ఆ రోజు ట్యాంకరు దగ్గర ఎక్కువసేపు ఉన్న మీ ముగ్గురూ ఒకసారి పరీక్ష చేయించుకున్నారా?

ప్రశ్న అడిగిన మాస్టారు

పరీక్ష చేయించుకోలేదమ్మా. ఈ సోమవారం ముగ్గురం కలిసి వెళుతున్నాం.

మీ జవాబులు అచ్చు తీసి పంచాయతీ సమావేశంలో చదివాను. ఊరి వాటరు ట్యాంకు మీద ఒక వెదురు కర్ర కట్టి, గాలి వాలు రాత్రి కూడా తెలిసేలా తెల్లని పంచె ముక్క తగిలించాం. ప్రమాదం జరిగితే గుడి మైకులో చెప్పాల్సిన మాటలు ముందే రాసి పూజారిగారికి ఇచ్చాం. మొదటి మాట "నిప్పులు ఆర్పండి, బళ్లు స్టార్టు చేయకండి", రెండో మాట ఎటు నడవాలో. టీ కొట్టు ముసలమ్మ ఇకమీదట చలిమంట రోడ్డు వైపు కాకుండా కొట్టు వెనుక వేస్తానంది. పదోతరగతి పిల్లలు సాయంత్రాలు స్కూలు ప్రహరీ లోపలినుంచి, ఫోను కెమెరాతో, పోయే ట్యాంకర్ల నంబర్లు చదివి పుస్తకంలో రాస్తున్నారు. మొదటి రోజు రాసిన పద్దెనిమిది బళ్లలో ఐదింటి పలకలు వెలిసిపోయి అంకెలు చదవడానికి వీలు కాలేదు. ఆ ఐదు బళ్ల రిజిస్ట్రేషను నంబర్లతో రవాణా శాఖకు ఇవ్వాల్సిన ఉత్తరం రాశాను, రేపు శ్రీకాకుళం వెళ్లి చేతికి ఇచ్చి రసీదు తీసుకుంటాను.